కుర్చీల అద్దె, బొమ్మల గడువు

మా మేనల్లుడు బొమ్మలు వేస్తాడు. ఈ మాట పెళ్ళిళ్ళలో బంధువులకు చెప్పటం ఎంత కష్టమో అనుభవించినవాళ్ళకు గాని తెలియదు. "బొమ్మలు వేస్తాడా? సంతోషం. మరి ఉద్యోగం ఎక్కడ?" అంటారు. ఉద్యోగమంటూ ఏమీ లేదు, ఇంట్లోనే కూర్చుని పత్రికలకూ, పిల్లల పుస్తకాలకూ వేసి పంపుతాడు అని చెబితే, "అలాగా!" అని మా అక్క వంక జాలిగా చూసి, పప్పు వడ్డించే కుర్రవాణ్ణి కేకవేస్తారు. మా అక్క ఆ కోపమంతా మూటగట్టుకుని వచ్చి నా ముందు విప్పుతుంది. "వాణ్ణి చెడగొట్టింది నువ్వేరా. నువ్వు తెలుగు ఎమ్మే చదివితే చదివినావు, ఆ చందమామలన్నీ తెచ్చి వాడి ముందర పోసేదెందుకు?"

పోసిన మాట నిజమే. తిరుపతిలో నేను కాలేజీ మేష్టరుగా చేరిన కొత్తలో, పాత పుస్తకాల అంగడిలో చందమామలు కట్టలు కట్టలుగా కొన్నాను. నేను కథలు చదువుకున్నాను. వాడు బొమ్మలు చూశాడు. తేడా అక్కడే వచ్చింది.

బొమ్మలు వేసి బతకటమంటే ఏమిటో దగ్గర నుంచి చూస్తే గాని నాకూ తెలియలేదు. ముందు కథ వస్తుంది. అది చదివి పెన్సిలు గీతలతో ఒక ముసాయిదా పంపాలి. సంపాదకుడుగారు చూసి, రాజుగారి మీసం తగ్గించమంటారు. తగ్గించి పంపితే, మీసం లేకపోతే రాజులా లేడంటారు. మళ్ళీ పెంచాలి. అప్పుడు రంగులు. అచ్చయిన తరువాత నెలకో, రెండు నెలలకో డబ్బు. బొమ్మకింత అని లెక్క గనుక, వేసేవాడికి జ్వరం వస్తే ఆ నెల బొమ్మా లేదు, డబ్బూ లేదు. సెలవు చీటీ ఎవరికి వ్రాసుకుంటాడు?

1947 జులైలో చక్రపాణిగారూ, నాగిరెడ్డిగారూ చందమామ పెట్టిన తరువాత, మద్రాసు వడపళని ఆఫీసులో చిత్రా, శంకర్ వంటివారు కూర్చుని బొమ్మలు వేసేవారు. శంకర్ గారైతే 1950ల మొదట్లో చేరి దాదాపు అరవయ్యేళ్ళు ఆ పత్రికనే అంటిపెట్టుకుని వున్నారు. ఒక్క పత్రిక, ఒక్క బల్ల, నెలకొక జీతం. ఆ చందమామ 2013కల్లా ఆగిపోయింది. శంకర్ గారు 2020లో కన్నుమూశారు. మావాడి తరానికి ఆ బల్ల లేదు. వాడి ఆఫీసు బైరాగిపట్టెడలో రెండు గదుల అద్దె ఇల్లు. వాడి హాజరు పట్టీ వాళ్ళావిడ దగ్గరుండే నోటుపుస్తకం. ఆ అమ్మాయి బళ్ళో లెక్కలు చెబుతుంది. ఏ బొమ్మ ఎవరికి, గడువెప్పుడు, డబ్బు వచ్చిందా లేదా అన్నీ అందులో ఎక్కిస్తుంది. ఈ కథలో ఆ నోటుపుస్తకానికి చాలా పని వుంది.

ఇలా కుదురుగా సాగిపోతున్న కాపురంలోకి పండుగ ఎలా వచ్చిందో చెబుతాను.

నిరుడు వేసవిలో వాడూ నేనూ శ్రీకాళహస్తి వెళ్ళాం. స్వామి దర్శనం అయిన తరువాత, కలంకారీ పనివారి ఇంటికి తీసుకుపోయాడు. నలభై కిలోమీటర్ల లోపు దూరంలో వుంటూ నేను ఆ పని అంత దగ్గరగా చూడటం అదే మొదలు. బట్టను కరక్కాయ రసంలోనూ, పాలలోనూ నానబెట్టి ఆరవేస్తారు. తుప్పుపట్టిన ఇనుమూ, బెల్లమూ నీళ్ళలో వేసి చాలా రోజులు పులియబెడితే నలుపు తయారవుతుంది. వెదురు పుల్లకు కొసన గుడ్డచుట్టి, ఆ నలుపులో ముంచి గీత గీస్తారు. చెరిపివేయటం లేదు. గీసిందే గీత. పటికా, మిగిలిన రంగులూ తరువాత. అప్పుడప్పుడూ పారే నీళ్ళలో ఉతకటం. అక్కడ గోడమీద ఒక రామాయణం వేలాడుతూ వుంది. నడుమ పెద్ద పట్టాభిషేకం, చుట్టూ వరసలు వరసలుగా చిన్న చిన్న గడులు. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క ఘట్టం, దాని అంచున తెలుగులో దాని కథ.

మావాడు దాని ముందు చాలాసేపు నిలబడి, "మామా, గడులు గడులుగా బొమ్మ, కింద మాటలు. ఇంగ ఏం కావాల? ఇది కామిక్సే కదా!" అన్నాడు.

నాకు కొంచెం కోపం వచ్చింది. తెలుగు మేష్టరుకు రావలసిన కోపమే అది. కాని ఆలోచిస్తే కాదనటానికి కారణం దొరకలేదు. ఈ పని ఒకప్పుడు దాదాపు ఆగిపోయే స్థితికి వస్తే, 1957లో కాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టి, జొన్నలగడ్డ లక్ష్మయ్యగారి వంటి పెద్దల చేత కుర్రవాళ్ళకు నేర్పించారు. ఆయన కుమారుడు గురప్పశెట్టిగారు బడిలో పాఠాలు చెప్పినవారే. 2008లో పద్మశ్రీ అందుకున్నారు. ఎవరో ఒకరు పూనుకుని ఒకచోట నలుగురినీ కూర్చోబెట్టకపోతే ఆ గోడమీద రామాయణం వుండేది కాదు.

ఈ ముక్క నేనే అన్నాను. నోరు జారానని అప్పుడు తెలియలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సు ఏర్పేడు దాటకముందే వాడు పండుగ నిశ్చయించాడు. కలంకారీ వాళ్ళూ, కార్టూన్లు వేసేవాళ్ళూ, పిల్లల పుస్తకాలకు వేసేవాళ్ళూ, అందరూ రెండు రోజులు ఒకచోట కూర్చుంటారు. పిల్లలు వచ్చి చూస్తారు, వేస్తారు, పుస్తకాలు కొనుక్కుంటారు. "ఢిల్లీలో 2011లో, హైదరాబాదులో 2013లో కామిక్ కాన్ పెట్టినారు మామా. అమెరికాలో శాండియాగోలో 1970 నుంచీ వుంది. మన తిరుపతికి ఏం తక్కువ?" అన్నాడు.

తిరుపతికి తక్కువేమీ లేదు. ఎక్కువే వచ్చింది చిక్కు. మొదట దసరా సెలవులనుకున్నారు. ఆ రోజుల్లో బ్రహ్మోత్సవాలు. ఊరంతటికీ ఒక్క లాడ్జిలో ఒక్క గది దొరికితే అదే గోవిందుడి దయ. నవంబరు అనుకున్నారు. నవంబరులో ఇక్కడ వాన ఎలా వుంటుందో 2021లో అందరం చూశాం. వీధుల్లో నదులు పారాయి. చివరకు డిసెంబరు రెండో శనివారం, ఆదివారం ఖాయం చేశారు. హాలు మా కాలేజీది. దాన్ని ఇప్పించే పని నాది.

అయిదుగురు కుర్రవాళ్ళ సంఘం. వాళ్ళలో నలుగురు బొమ్మలు వేసేవాళ్ళు, ఒకడు వేసేవాళ్ళ స్నేహితుడు. పండుగకు పేరు పెట్టటానికే పదిహేను రోజులు పట్టింది. 'చిత్రకథలు' అంటే సినిమా కథలనుకుంటారని ఒకడు, 'బొమ్మల కథలు' అంటే చిన్నపిల్లలవనుకుంటారని ఒకడు, 'కామిక్స్' అంటే మేష్టరుగారు ఒప్పుకోరని ఒకడు. నేను ఒప్పుకుంటానన్నా వాళ్ళు నమ్మలేదు.

పేరు కుదిరిన తరువాత అసలు పని మొదలయింది. అది బొమ్మల పని కాదు. బల్లలు, కుర్చీలు, షామియానా, మైకు, ఫ్లెక్సీలు, పిల్లలకు కాగితం, రంగుపెన్సిళ్ళు, బయటి ఊళ్ళవాళ్ళకు రేణిగుంటలో రైలు దిగితే ఆటో, వాళ్ళ టిఫిను. ప్రతి దానికీ ఫోను, ఆ ఫోనుకు మళ్ళీ ఫోను. కుర్చీల అంగడి ఆయన, "మూడు వందలు కావాలన్నారు గదా, ఎర్రవా, తెల్లవా?" అని అడగటానికి మూడు సార్లు చేశాడు. మావాడు చేతిలో పెన్ను అలాగే పట్టుకుని, "తెల్లవి" అంటాడు. ఆ ఫోను పెట్టి మళ్ళీ బొమ్మ వంక చూసుకునేసరికి, ఆ నక్క ఎందుకు నవ్వుతున్నదో మరిచిపోతాడు.

నక్క అంటే గుర్తొచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే వాడికి ఒక పెద్ద పని వచ్చింది. 24 పేజీల పిల్లల పుస్తకం, పేజీ పేజీకీ రంగుల బొమ్మ. జనవరిలో విజయవాడ పుస్తకాల పండుగకు అచ్చయి రావాలి గనుక డిసెంబరు 10కి బొమ్మలన్నీ అందాలన్నారు. సగం డబ్బు ముందే ఇచ్చారు. అలా ముందుగా ఇచ్చేవాళ్ళు ఆ వృత్తిలో ఎంత అరుదో నోటుపుస్తకం చూస్తే తెలుస్తుంది. ఆ అమ్మాయి ఆ పద్దు కింద రెండు గీతలు గీసింది.

నవంబరు నెలాఖరుకు తొమ్మిది బొమ్మలయినాయి.

నేను రోజూ సాయంత్రం వాళ్ళింటికి పోయి వచ్చేవాణ్ణి. వాడు బొమ్మ వేస్తూ కనిపిస్తే పండుగ సంగతి అడిగేవాణ్ణి. పండుగ పనిలో కనిపిస్తే పుస్తకం సంగతి అడిగేవాణ్ణి. ఇంతకన్నా మనిషిని హింసపెట్టే మార్గం లేదని ఇప్పుడు తెలుస్తున్నది. విక్రమార్కుడి భుజాన ఒక్క శవమే. వీడి భుజానికి రెండు, రెండూ ప్రశ్నలు అడిగేవే.

పండుగ వారం ముందు ఒక రాత్రి, పిల్లలకివ్వవలసిన ప్రశంసాపత్రాల మీద పేర్లు వ్రాస్తూ, ఫోనులో ఒక వార్త చదివి వినిపించాడు. ఫ్రాన్సు దేశంలో అంగులేమ్ అనే ఊళ్ళో 1974 నుంచీ బొమ్మల కథల ఉత్సవం జరుగుతున్నది. ఆ తరహా ఉత్సవాల్లో దాని పేరు చాలా గొప్పది. నిర్వాహకుల మీద కోపంతో బొమ్మలు వేసేవాళ్ళే రామని భీష్మించుకోవటం వల్ల, 2026 జనవరిలో జరగవలసిన ఉత్సవం రద్దయిందట.

"చూసినావా మామా! వేసేవాళ్ళు రాకుంటే అంత పెద్ద పండుగ కూడా లేదు" అన్నాడు.

పక్క గదిలో పరీక్ష పేపర్లు దిద్దుతున్న ఆ అమ్మాయి తలెత్తకుండానే, "మన పండుగలో వేసేవాళ్ళకు ఏమిస్తావుండారు?" అని అడిగింది.

మావాడు చెప్పలేదు. నాకు తెలుసు. భోజనం, శాలువా.

10వ తేదీకి పద్నాలుగు బొమ్మలు వెళ్ళాయి. మిగిలిన పదీ వారంలో పంపుతానని వీడు ఉత్తరం వ్రాశాడు. అవతలివాళ్ళు మర్యాదస్తులు. కోపగించుకోలేదు. ఆ పది బొమ్మలూ వేరే ఆయన చేత వేయించుకున్నారు. ఒకే పుస్తకంలో మొదటి సగం నక్క ఒక తీరు, చివరి సగం నక్క ఇంకొక తీరు. వాళ్ళను తప్పుపట్టటానికి ఏమీ లేదు. అచ్చుయంత్రం కుర్చీల రంగు తేలేదాకా ఆగదు కదా.

పండుగ మాత్రం బ్రహ్మాండంగా జరిగింది. ఇది మేనమామ గొప్ప కోసం చెప్పటం లేదు. చంద్రగిరి నుంచి, పుత్తూరు నుంచి, చిత్తూరు నుంచి తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకుని బస్సుల్లో వచ్చారు. మూడు వందల కుర్చీలూ చాలలేదు. కాళహస్తి నుంచి వచ్చిన పెద్దాయన ఒక మూల నేలమీద బట్ట పరిచి, వెదురు కలంతో హనుమంతుణ్ణి గీస్తూంటే, చుట్టూ యాభైమంది పిల్లలు ఊపిరి బిగపట్టి కూర్చున్నారు. ఒక పిల్లవాడు, "తాతా, తప్పుపోతే ఎట్లా?" అని అడిగాడు. "తప్పుపోతే అది మబ్బు అవుతుంది నాయినా" అన్నాడాయన. ఆ మాటకు మావాడి ముఖం వెలిగిన తీరు నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. వెంటనే ఎవరో వచ్చి మైకు పనిచేయటం లేదని పిలుచుకుపోయారు. రెండు రోజుల్లో వాడు ఒక్క గీత గీయలేదు. బొమ్మల పండుగలో బొమ్మ వేయనిది ఇద్దరమే, వాడూ నేనూ. నాకు చేతకాక.

సోమవారం సాయంత్రం లెక్కలు. ఆ అమ్మాయి నోటుపుస్తకం తెరిచి గట్టిగా చదివింది. కుర్చీలకు ఇంత, షామియానాకు ఇంత, ఫ్లెక్సీలకు ఇంత, టీ కాచినాయనకు ఇంత, హాలు ఊడ్చినవాళ్ళకు ఇంత. చందాలూ, బల్లల అద్దె కలిపితే అన్నీ సరిపోయి వందో రెండొందలో మిగిలింది కూడా. కుర్రవాళ్ళు చప్పట్లు కొట్టారు. వాళ్ళు వెళ్ళిపోయిన తరువాత ఆమె పేజీ తిప్పింది. అక్కడ ఇంకొక లెక్క వుంది. పది బొమ్మల డబ్బు. ఆగస్టు నుంచి వద్దన్న ఆరు చిన్న పనులు. ఆ ప్రచురణకర్తలు మామూలుగా ఇచ్చే తరువాతి పుస్తకం.

"చిన్నాన్నా, టీ కాచినాయనకు ఇచ్చినాం. ఊడ్చినవాళ్ళకు ఇచ్చినాం. ఇవ్వాల్సిందే. మరి ఈ డబ్బు ఎవురిచ్చినట్టు?" అంది. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండునని నాకనిపించింది.

ఇలాంటప్పుడు మేష్టర్లం చేసే పని ఒకటుంది. ఉపన్యాసం ఇస్తాం. నేనూ ఇచ్చాను. బాపుగారు 1967లో 'సాక్షి' తీసి, ఆపైన సినిమా మీద సినిమా తీస్తూ కూడా పత్రికలకు బొమ్మలు మానలేదన్నాను. జయదేవ్ గారు మద్రాసు త్యాగరాయ కాలేజీలో జువాలజీ చెబుతూనే అన్ని కార్టూన్లు వేశారన్నాను. రెండు పనులు చేసినవాళ్ళు లేరా, నువ్వు వేళ ప్రకారం నడుచుకుంటే జరగదా అన్నాను.

వాడు అంతా విని, "వాళ్ళు కుర్చీలు బాడుగకు తెచ్చినారా మామా?" అన్నాడు.

నా దగ్గర సమాధానం లేదు. జయదేవ్ గారికి కాలేజీ జీతమిచ్చింది. బాపుగారికి రెండో పని కూడా తన పనే, అదీ బొమ్మే, తెరమీద వేసింది. జీతం లేని పని, తనది కాని పని, అదీ తన పనివేళల్లోనే చేయవలసిన పని అయితే ఆ ఉపమానం కుదరదు. క్లాసులో అయితే పిల్లలు మర్యాదకు వూరుకునేవారు.

ఆ తరువాత ఒక నెల వాడు పండుగ మాట ఎత్తలేదు. ఒక ప్రకటనల కంపెనీలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాడని మా అక్క సంతోషంగా చెప్పింది. తొమ్మిదింటికి పోయి ఆరింటికి రావటం, నెల మొదట జీతం. పెళ్ళిళ్ళలో చెప్పుకోవటానికి బాగుంటుంది. నేనూ మంచిదే అన్నాను. అంటూ వుండగానే ఆ కాళహస్తి పెద్దాయన ముందు కూర్చున్న వాడి ముఖం గుర్తుకు వచ్చి, అన్న మాట అక్కడే ఆపాను.

ఉద్యోగం రానూ వచ్చింది. వాడు చేరనూ లేదు. చేరకపోవటానికి కారణం వాడు కాదు, ఆ అమ్మాయి. "ఉద్యోగానికి పోతే బొమ్మా వుండదు, పండుగా వుండదు. పోయేది ఒకటి చాలదా?" అన్నదట. కాని పండుగ మళ్ళీ పెట్టాలంటే లెక్క తను వ్రాస్తానన్నది. వ్రాసింది.

ఆ లెక్కలో మొదటి వరస కుర్చీలు కాదు. వచ్చి బొమ్మలు వేసి చూపేవాళ్ళకు, పిల్లలకు నేర్పేవాళ్ళకు ఒక్కొక్కరికి ఇంత అని మొట్టమొదటే వ్రాసింది. ఆ డబ్బు చేతికి వస్తేనే రెండో వరసకు పోవాలి. కాళహస్తి పెద్దాయనకు రెండు రోజుల కూలీ, బట్ట ఖర్చు వేరే. నిరుడు ఆయనకు మేము కప్పిన శాలువా తలుచుకుంటే నాకు సిగ్గేసింది. సంఘంలో నడిపేవాడు కూడా బొమ్మలు వేసేవాడే అయితే, అతని వేళకూ ఇంత అని ఆఖరు వరస. దాని మీద కుర్రవాళ్ళు పోట్లాడారు. మన పండుగకు మనమే డబ్బు తీసుకుంటే నలుగురూ ఏమంటారన్నారు. మావాడే వద్దన్నాడు. ఆమె ఆ వరస కొట్టివేయలేదు, అంకె మాత్రం ఖాళీగా వదిలింది. ఇంకా ఖాళీగానే వుంది. ఆ మాట మీద వాళ్ళిద్దరికీ ఈరోజుకీ కుదరలేదు. నా మట్టుకు నాకు ఆమె మాటే సబబు అనిపిస్తుంది. కాని నన్నెవరూ అడగలేదు.

ఈ డబ్బంతా ఎక్కడి నుంచి వస్తుందంటే, రెండు రోజుల పండుగ ఒక్క రోజయింది. షామియానా పోయింది. ఫ్లెక్సీలు పోయాయి. వాటి బదులు పిల్లలు వేసిన బొమ్మలే గోడలకు అంటిస్తారట. ముఖ్య అతిథి పోయాడు. ఆ ముఖ్య అతిథిని నేనే పిలుద్దామనుకున్నాను. అది వేరే సంగతి.

వాడి వేళల సంగతి కూడా ఆమే తేల్చింది. పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా వాడి ఫోను వాడి దగ్గర వుండదు. ఆ వేళలో బొమ్మలు తప్ప మరొకటి లేదు. పండుగ పని సాయంత్రం అయిదు తరువాత, రెండు గంటలు. మరి పొద్దున వచ్చే ఫోన్లు? ఆ మాట నేనే అడిగాను. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"చిన్నాన్నా, మీకు పొద్దునపూట క్లాసులు రెండే కదా" అంది.

అప్పటి నుంచీ ఆ రెండో ఫోను నా చొక్కా జేబులో వుంటున్నది. నిన్న పొద్దున ప్రబంధాలు చెబుతూండగా మోగింది. పిల్లలు నవ్వారు. వసండాలోకి పోయి ఎత్తాను. కుర్చీల అంగడి ఆయన.

"సార్, ఈసారి ఎన్ని?"

"నూట యాభై."

"ఎర్రవా, తెల్లవా?"

కనుక్కుని చెబుతానన్నాను. టైము చూస్తే పదకొండున్నర. ఇంకా గంటన్నర ఆగాలి.